సంక్రాంతి సెలవుల్లో ఢిల్లీ వెళ్లే విశాఖ వాళ్లకి

జనవరిలో తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నడవడానికి విశాఖలో ఒక శాలువా చాలు. అందుకే సంక్రాంతి సెలవులకి ఢిల్లీ టికెట్లు తీసినప్పుడు చలి సంగతి అందరికీ ఆఖర్నే గుర్తొస్తుంది. గుర్తొచ్చాక చేసేదీ ఒక్కటే: ఇంట్లో ఉన్న మందపాటి బట్టలన్నీ సూట్‌కేసులో కుక్కేయడం. ఆ బట్టలు చాలవు. చాలినా, అవి వేసుకున్న మనిషి రోజును తప్పుగా వాడుకుంటే ఉపయోగం లేదు.

ముందు ఆ చలి ఎలాంటిదో తెలుసుకోవాలి. మనం ఎరిగిన చలి లంబసింగిది, అరకుది. తెల్లారేసరికి వణికిస్తుంది, తొమ్మిదింటికి ఎండెక్కగానే స్వెట్టరు నడుముకి కట్టుకుంటాం. ఢిల్లీలో డిసెంబరు ఆఖరి వారం నుంచి జనవరి మూడో వారం దాకా కొన్ని రోజులు అసలు ఎండే రాదు. పొగమంచు కాస్త పైకి లేచి, కప్పు వేసినట్టు ఆకాశాన్ని మూసేస్తుంది. రాత్రి 6 డిగ్రీలుంటే మధ్యాహ్నం రెండింటికి 14 దగ్గరే ఆగిపోతుంది. మనవాళ్లని పడగొట్టేది రాత్రి 6 కాదు, ఆ మధ్యాహ్నపు 14. ఎండ లేక గోడలు, నేల, మంచం, కుర్చీ అన్నీ చల్లబడిపోతాయి. అక్కడి ఇళ్లలోనూ మామూలు హోటళ్లలోనూ గదిని వెచ్చబెట్టే ఏర్పాటు ఉండదు. విశాఖలో చలేస్తే ఇంట్లోకి వస్తాం. ఢిల్లీలో కాస్త ఎండ కనిపిస్తే జనం ఇళ్లలోంచి డాబా మీదకీ పార్కుల్లోకీ వచ్చి కూర్చుంటారు. అంటే గదిలోకి వెళ్లినంత మాత్రాన చలి తప్పదు. కింద చెప్పేవన్నీ ఈ సంగతి మీద ఆధారపడినవే.

తేదీలు

తేదీలు మీ చేతిలో ఉంటే ఫిబ్రవరి రెండో వారం తర్వాత వెళ్లండి. అప్పటికి పొగమంచు పల్చబడుతుంది, మధ్యాహ్నాలు 22, 24 డిగ్రీలకి చేరతాయి, రాష్ట్రపతి భవన్‌లోని అమృత్ ఉద్యాన్ కూడా మామూలుగా ఆ నెలలోనే జనానికి తెరుస్తారు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న మాట ఢిల్లీకీ సరిపోతుంది. అయితే బడిపిల్లలున్న ఇంటికి ఫిబ్రవరి కుదరదు, సంక్రాంతే దిక్కు. పొగమంచు చిక్కగా ఉండేదీ అప్పుడే. కాబట్టి ఐదు రోజులు అనుకున్న ప్రయాణానికి ఆరు రోజులు పెట్టుకోండి. ఆ ఒక్కరోజూ రైలు ఆలస్యానికో, బయటకి వెళ్లలేని బూడిదరంగు రోజుకో పోతుంది.

నవంబరు మొదటి పక్షం మాత్రం వద్దు. అప్పుడు చలి ఉండదు గానీ పంజాబు, హర్యానా పొలాల్లో కాల్చిన గడ్డి పొగ, దీపావళి పొగ కలిసి గాలి అధ్వానంగా ఉంటుంది. జనవరి 18 తర్వాత వెళ్లేవాళ్లు రిపబ్లిక్ డే ఏర్పాట్లు చూసుకోవాలి. పరేడ్ జరిగే కర్తవ్య పథ్ చుట్టుపక్కల రోడ్లు రిహార్సల్స్ కోసం మూస్తారు. పూర్తిస్థాయి రిహార్సల్ 23న ఉంటుంది. ఎర్రకోట ఆ రోజుల్లో సందర్శకులకి మూసి ఉండటం మామూలే. రిపబ్లిక్ డేకి ముందు వారం ఉదయం పూట కొన్ని గంటలు విమానాలని కూడా ఆపుతారు.

బట్టలు

ఒక మందపాటి కోటు కంటే మూడు పల్చని పొరలు మేలు. చలిని ఆపేది గుడ్డ మందం కాదు, పొరల మధ్య నిలిచిన గాలి. పైగా ఢిల్లీ మెట్రోలో జనం మధ్య ఉక్కపోస్తుంది, అక్కడ ఒక పొర విప్పగలగాలి. చెమట పట్టిన బనీనుతో బయటకొస్తే పది నిమిషాల్లో ఒళ్లు మంచుముద్దవుతుంది.

ఒంటిని అంటి ఉండే థర్మల్ జత మొదటి పొర. పైదీ కిందదీ రెండూ కావాలి. చాలామంది పైదొక్కటే కొని, మోకాళ్ల నొప్పులతో తిరిగొస్తారు. రెండో పొర ఉన్ని స్వెట్టరు. మూడోది గాలిని ఆపే జాకెట్, టోపీ కుట్టినదైతే మంచిది. మనిషికి థర్మల్స్ రెండు జతలు, స్వెట్టర్లు రెండు, జాకెట్ ఒకటి, మేజోళ్లు ఐదు జతలు, చెవులు మూసే టోపీ, మఫ్లర్, చేతి తొడుగులు. బూట్లు అరసైజు పెద్దవైనా ఫరవాలేదు గానీ బిగుతుగా ఉండకూడదు. రెండు మేజోళ్లు తొడిగి బూటు బిగిస్తే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. జీన్స్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. పొగమంచులో అది తేమ పీల్చి చల్లగా కాళ్లకి అంటుకుంటుంది.

చీర కట్టుకునే అమ్మలకీ, అమ్మమ్మలకీ ఈ లెక్క మారుతుంది. లంగా కింద థర్మల్ ప్యాంటు, ఫుల్‌హ్యాండ్స్ జాకెట్టు కింద పల్చని థర్మల్, పైన ముందు బొత్తాలున్న స్వెట్టరు. తలమీంచి తొడిగేదైతే కొంగుతో ప్రతిసారీ తంటాలే. శాలువా ఎంత మంచిదైనా మెట్రో మెట్ల మీద, ఎస్కలేటర్ మీద జారి కాళ్లకి అడ్డం పడుతుంది. దాన్ని గదిలో వాడుకోవడానికి ఉంచండి. చెప్పులు మానని పెద్దవాళ్లకి బొటనవేలు విడిగా ఉండే మేజోళ్లు దొరుకుతాయి.

అక్కడ ఉతికి ఆరేసుకుందాం అనుకోవద్దు. విశాఖలో పొద్దున ఆరేసిన చొక్కా మధ్యాహ్నానికి మడతపెట్టేస్తాం. ఎండలేని జనవరిలో ఢిల్లీ గదిలో థర్మల్ ఆరడానికి రెండు రోజులు పడుతుంది, ఆరినా ముక్కవాసన వస్తుంది. లోపలి బట్టలు, మేజోళ్లు రోజుల లెక్కన సర్దుకోండి.

అన్నీ ఇక్కడే కొనక్కర్లేదు. థర్మల్స్, బూట్లు మాత్రం ఇక్కడే కొని ఒకసారి తొడిగి చూసుకోండి. జాకెట్లు, స్వెట్టర్లు ఢిల్లీలో మనకంటే చవగ్గా, ఎక్కువ రకాల్లో ఉంటాయి. సరోజినీ నగర్, లాజ్‌పత్ నగర్, కరోల్‌బాగ్ బజార్లకి సోమవారం సెలవు, చాందినీ చౌక్‌కి ఆదివారం. అయితే రైలు దిగేటప్పుడు ఒంటిమీద వేసుకోవడానికి మనిషికి ఒక స్వెట్టరు, ఒక టోపీ ఉండి తీరాలి. డిసెంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున ఆ బట్టలతో లంబసింగి వెళ్లి ఒక గంట నిలబడి చూడండి. ఎక్కడ గాలి దూరుతోందో అక్కడే తెలిసిపోతుంది.

కొబ్బరినూనె సంగతి ఒకటి. దాదాపు 24 డిగ్రీల కిందకి వెళ్తే అది గడ్డకడుతుంది. సన్నమూతి సీసాలో తీసుకెళ్తే ఢిల్లీలో చుక్క రాదు. వెడల్పు మూతి డబ్బాలో పోసుకోండి, లేదా నువ్వులనూనె పట్టుకెళ్లండి. సముద్రపు తేమకి అలవాటుపడిన చర్మం అక్కడ రెండో రోజుకే పగులుతుంది. స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరకముందే నూనె గానీ వ్యాజ్‌లిన్ గానీ రాసుకుంటే తేమ నిలుస్తుంది. పెదాలకీ, మడమలకీ రాత్రి మళ్లీ రాయాలి.

రైలా, విమానమా

విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్, సమతా, స్వర్ణజయంతి ఉన్నాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, సంక్రాంతి తేదీలకి మొదటి రోజు పొద్దున్నే కూర్చోవాలి. రైలు ఎంచుకునేటప్పుడు బయల్దేరే టైము కాదు, గ్వాలియర్, ఆగ్రా, మథుర ఏ వేళకి దాటుతుందో చూడండి. పొగమంచు అర్ధరాత్రి నుంచి ఉదయం తొమ్మిది, పది దాకా ఆ దారిలో దట్టంగా ఉంటుంది. సిగ్నల్ దగ్గరకొస్తోందని డ్రైవరుకి ముందే చెప్పే ఫాగ్ పరికరాలు ఇంజన్లలో వాడుతున్నారు, అయినా వేగం తగ్గించక తప్పదు. ఆ పట్టీని పగలు దాటే రైలు ఎప్పుడూ మెరుగు. తెల్లారేసరికి ఢిల్లీ చేర్చే రైలు ఎక్కితే మూడు నాలుగు గంటల ఆలస్యం మనసులో పెట్టుకునే ఎక్కండి.

విశాఖలో పల్చని కాటన్ బట్టలతో ఎక్కి, వెచ్చని బట్టలు సూట్‌కేసు అడుగున పెట్టి, ఆ సూట్‌కేసుని బెర్తు కిందకి తోసి గొలుసు వేయడం దాదాపు ప్రతి కుటుంబం చేసే పొరపాటు. నాగపూర్ దాటాక చీకటిపడితే చలి మొదలవుతుంది, భోపాల్ దాటాక స్లీపరు కోచ్‌లో కిటికీ సందుల్లోంచి కోస్తుంది. స్లీపరులో దుప్పటి ఇవ్వరు. మనిషికో స్వెట్టరు, టోపీ, మేజోళ్లు, ఒక రగ్గు చేతిసంచిలో ఉండాలి. ఏసీ త్రీటయర్‌లో దుప్పటి ఇస్తారు, తెల్లవారుజామున ఢిల్లీ ప్లాట్‌ఫారం మీద దిగేటప్పుడు మాత్రం ఆ చేతిసంచే ఆధారం.

ఢిల్లీ నుంచి హరిద్వార్, కాశీ వెళ్లేవాళ్లు అదే రోజు రెండో రైలు పెట్టుకోకండి. తప్పదంటే కనీసం ఎనిమిది గంటల ఎడం ఉంచి, రెండు పీఎన్‌ఆర్‌లనీ ఐఆర్‌సీటీసీలో కలిపి పెట్టుకోండి. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే రద్దు చార్జీ పడదు. మీరు ఎక్కే స్టేషనులో రైలు మూడు గంటలు మించి ఆలస్యమై, ప్రయాణం మానుకుంటే పూర్తి డబ్బు వెనక్కొస్తుంది. కానీ రైలు అక్కడ్నించి కదలకముందే టీడీఆర్, అంటే డబ్బు వాపసు కోరే దరఖాస్తు, వేయాలి. కదిలాక వేస్తే రాదు.

విమానంలో వెళ్లేవాళ్లు మధ్యాహ్నం పన్నెండుకీ నాలుగుకీ మధ్య ఢిల్లీలో దిగేది చూసుకోండి. పొద్దుటి విమానం చవగ్గా కనిపిస్తుంది, అక్కడ మంచుంటే అది విశాఖలోనే ఆగిపోతుంది. రాత్రి విమానం మీద పొద్దుటి నుంచి పోగైన ఆలస్యాలన్నీ పడతాయి. పొగమంచులో దిగడం కంటే ఎగరడానికే ఎక్కువ చూపు కావాలి. చూపు ఆనని పొగమంచులోనూ విమానాన్ని దించే క్యాట్ త్రీ ఏర్పాటుతో, తర్ఫీదు పొందిన పైలట్లు రన్‌వే మీద 50 మీటర్లు కనిపించినా దించగలరు, ఎగరడానికి 125 మీటర్ల దాకా కావాలి. వచ్చిన విమానం కళ్లముందే నిలబడి ఉన్నా మీ విమానం కదలకపోవడానికి కారణం అదే, కౌంటరు దగ్గర గొడవపడి లాభం లేదు. ఆలస్యం ఆరు గంటలు మించితే వేరే విమానం గానీ పూర్తి వాపసు గానీ అడగొచ్చు. వాతావరణం వల్ల అయితే నష్టపరిహారం మాత్రం ఉండదు.

గది

గది బుక్ చేసేముందు ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగండి. గీజరు మీ గదిలోనే ఉందా, లేక పొద్దున రెండు గంటలు మాత్రమే వేణ్నీళ్లు వదులుతారా? హీటరు ఇస్తారా, రోజుకి ఎంత తీసుకుంటారు? మనిషికి రజాయి (దూది నింపిన మందపాటి దుప్పటి) విడిగా ఇస్తారా? గదికి ఎండ పడే కిటికీ ఉందా? చవక హోటళ్లలో హీటరుకి విడిగా డబ్బు తీసుకోవడం మామూలే, ముందే మాట్లాడుకుంటే పేచీ ఉండదు. కింది అంతస్తు గదులు, ఉత్తరం వైపు గదులు, కిటికీ లేని లోపలి గదులు వద్దనండి. అవి వారాల తరబడి ఎండ చూడనివి.

గీజరు మామూలుగా 15 లీటర్లు, ఒక బకెట్టు. నలుగురున్న గదిలో మనిషికీ మనిషికీ మధ్య పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ లెక్కన లేవండి. తెల్లవారుజామున తలస్నానం వద్దు. తల ఆరదు. చేయాలనుంటే మధ్యాహ్నం బయట్నించి వచ్చాక చేసి, తల పూర్తిగా తుడుచుకోండి.

హీటరు పడుకోబోయే గంట ముందు వేసి, నిద్రపోయే ముందు ఆపేయండి. రజాయికీ పరదాలకీ ఒక మీటరు దూరం ఉండాలి. మేజోళ్లు దాని మీద ఆరేయడం అగ్గి పెట్టుకోవడమే. అన్నిటికంటే ముఖ్యం: బొగ్గుల కుంపటి ఎవరు ఎంత ప్రేమగా ఇచ్చినా, మూసిన గదిలో పెట్టుకోవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఉత్తరాదిలో ప్రతి చలికాలం ఇలాంటి చావులు జరుగుతూనే ఉన్నాయి. చుట్టాలింట్లో దిగినవాళ్లు మొహమాటపడకుండా దాన్ని బయట పెట్టించండి.

గాలి

విశాఖలో సముద్రపు గాలి పొగని నిలవనివ్వదు. చలికాలపు ఢిల్లీలో గాలి కదలదు. రాత్రి నేల చల్లబడి, దాని మీది గాలి బరువెక్కి కిందే ఉండిపోతుంది, పైన వెచ్చని పొర మూతలా పడుతుంది. నగరం వదిలిన పొగ అంతా ఆ మూత కింద మగ్గుతుంది. ఎండెక్కాక ఆ మూత విడిపోతుంది. కాబట్టి విశాఖలో మంచి అలవాటైన పొద్దుటి నడక అక్కడ మానేయాలి. నడవాలంటే మధ్యాహ్నం రెండింటికి లోధీ గార్డెన్‌లో నడవండి.

రోజూ ఫోన్లో ఏక్యూఐ, అంటే గాలి ఎంత చెడిందో చెప్పే అంకె, చూసుకోండి. 200 దాటితే ఉబ్బసం ఉన్నవాళ్లు, పసిపిల్లలు బయట తిరగడం తగ్గించాలి. 300 దాటితే అందరికీ ఎన్95 మాస్కు కావాలి. గుడ్డ మాస్కు, మఫ్లరు చలిని ఆపుతాయి గానీ పీఎం 2.5 అనే అతి సన్నని ధూళిని ఆపవు. ముక్కు దగ్గరి తీగ నొక్కకపోతే ఎన్95 కూడా దండగే, కళ్లజోడు మసకబారుతోందంటే పైనుంచి గాలి పోతోందన్నమాట. 400 దాటిన రోజు మ్యూజియంలో గడపండి. ఇన్‌హేలర్లు వాడేవాళ్లు ఒకటి ఎక్కువ తీసుకెళ్లాలి. చలికి బీపీ పెరుగుతుంది కాబట్టి గుండె, బీపీ మందులు వేసుకునే పెద్దవాళ్లు వెళ్లే ముందు డాక్టరుకి చెప్పి వెళ్లాలి. దాహం వేయదు గనక నీళ్లు మర్చిపోతాం. ఒక చిన్న ఫ్లాస్కు నిండా గోరువెచ్చని నీళ్లు సంచిలో ఉంటే పిల్లలూ తాగుతారు.

రోజు ఎలా గడపాలి

జనవరి మొదట్లో ఢిల్లీలో దాదాపు 7:15కి తెల్లవారుతుంది, 5:40కి పొద్దుగూకుతుంది. బయట తిరగడానికి పనికొచ్చేది పదిన్నర నుంచి నాలుగున్నర దాకా. ఆ ఆరు గంటలూ ఆరుబయటి చోట్లకి కేటాయించి, పొద్దునా సాయంత్రం మెట్రో ప్రయాణాలు, భోజనం, బజారు పెట్టుకోండి. రోజుకి ఆరుబయట ఒకటి, లోపల ఒకటి చొప్పున రెండు చోట్లు చాలు. ఐదు చోట్లు చూపిస్తామనే టూరు బస్సులు పొద్దున మంచులోనే బయల్దేరతాయి, మొదటి రెండు చోట్లా ఏమీ కనిపించదు.

సోమవారం జాగ్రత్త. ఎర్రకోట, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్, నేషనల్ మ్యూజియం, రైల్ మ్యూజియం అన్నిటికీ ఆ రోజే సెలవు. కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి అన్ని రోజులూ తెరిచి ఉంటాయి, వాటిని సోమవారానికి అట్టేపెట్టండి. ఆకాశం బూడిదగా ఉన్న రోజుకి జన్‌పథ్‌లోని నేషనల్ మ్యూజియం కంటే మంచి చోటు లేదు. మన నాగార్జునకొండ శిల్పాలు అక్కడున్నాయి, తీరిగ్గా చూడండి. తెల్లని ఎండ వచ్చిన రోజు దాన్ని వదిలి బయటకే వెళ్లండి, అలాంటి రోజు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. వాన పడితే దిగులుపడొద్దు. పడమటి నుంచి వచ్చే ఆ వాన గాలిని కడిగేస్తుంది, మర్నాడు ఆకాశం నీలంగా ఉంటుంది. ఆ వెనకే కొండల మీది మంచు గాలి దిగి చలి పెరుగుతుంది, తడి నేల మీద పొగమంచూ దట్టమవుతుంది.

గుళ్లలో పాలరాతి నేల మీద ఒట్టికాళ్లతో నడవడం అన్నిటికంటే కష్టం. బంగ్లాసాహిబ్ గురుద్వారాలో లోపలికి వెళ్లేచోట కాళ్లు తడిసేలా నీళ్లు పారుతుంటాయి. మేజోళ్లు ముందే విప్పి జేబులో పెట్టుకోండి, చిన్న తువ్వాలు వెంట ఉంటే బయటకి రాగానే తుడుచుకుని పొడి మేజోళ్లు తొడగొచ్చు. అక్షర్‌ధామ్‌లో ఫోన్లు, సంచులు బయట ఇచ్చేయాలి, ఆ వరసలో చాలాసేపు నిలబడాలి. జాకెట్ మాత్రం ఒంటిమీదే ఉంచుకోండి.

తాజ్ మహల్‌కి శుక్రవారం సెలవు. సూర్యోదయానికి తాజ్ చూడాలని తెల్లవారుజామున కారు మాట్లాడుకోవడం జనవరిలో ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద మంచులో వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకునే ప్రమాదాలు ప్రతి ఏటా ఉంటాయి, అందుకే డిసెంబరు 15 నుంచి ఫిబ్రవరి 15 దాకా కార్ల వేగం 100 నుంచి 75కి తగ్గిస్తారు. అంత కష్టపడి వెళ్లినా మంచులో గుమ్మటం కనిపించదు. రైల్లో వెళ్లండి, లేదా తొమ్మిదిన్నర తర్వాత బయల్దేరండి. పన్నెండుకీ మూడుకీ మధ్య తాజ్ దగ్గర ఉంటే చాలు. చీకటి పడ్డాక తిరుగు ప్రయాణం వద్దు, అవసరమైతే ఆ రాత్రి ఆగ్రాలోనే ఉండిపోండి.

తిండి విషయంలో బెంగ అక్కర్లేదు. అశోకా రోడ్డులోని ఆంధ్రాభవన్ క్యాంటీన్‌లో ఎవరైనా తినొచ్చు. మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్తే వరస పెద్దది, పన్నెండున్నరకే వెళ్లండి. ఆదివారం బిర్యానీకి ఇంకా ముందు. చలికాలంలోనే దొరికేవి కూడా వదలకండి: ఎర్ర క్యారెట్ హల్వా, నిప్పుల మీద కాల్చిన చిలగడదుంపలు, నువ్వుల గజక్. చాందినీ చౌక్‌లో పాలనురగతో చేసే దౌలత్ కీ చాట్ చలి ఉంటేనే నిలుస్తుంది, అది మాత్రం పొద్దుటి పూటే తినాలి.

తిరిగొచ్చే రోజు మీ రైలు ఎక్కడుందో చూడటానికి దాని నంబరు ఒక్కటే సరిపోదు. ఢిల్లీ చేరిన రైలు పెట్టెలే శుభ్రం చేసి వెనక్కి పంపుతారు, అవతలి నుంచి వచ్చేది ఆలస్యమైతే మీదీ ఆలస్యమే. ఏపీ ఎక్స్‌ప్రెస్ 20806 ఎక్కేవాళ్లు ముందురోజు రాత్రి నుంచే 20805 ఎంతవరకు వచ్చిందో చూసుకుని, దాన్నిబట్టి గది ఖాళీ చేయండి. న్యూఢిల్లీ స్టేషనులో మెట్రో దిగేది అజ్మేరీ గేట్ వైపు, అంటే 16వ ప్లాట్‌ఫారం వైపు. ఒకటో ప్లాట్‌ఫారం పహాడ్‌గంజ్ వైపు ఉంటుంది. సామాన్లతో ఆ వంతెన దాటడానికి ఇరవై నిమిషాలు అట్టేపెట్టుకోండి. ఒక కాటన్ జత మాత్రం సంచిలో పైనే ఉంచండి, విజయవాడ వచ్చేసరికి థర్మల్స్‌లో ఉండలేరు.